ముంబయి మెరైన్ డ్రైవ్‌లో 80 ఏళ్ల అపార్ట్‌మెంట్లు.. రిపేర్ ఎలా చేస్తారు? రంగేస్తే చాలదా?

ముంబయి మెరైన్ డ్రైవ్ వీడియో ఏది చూసినా వెనకాల వరసగా గుండ్రటి బాల్కనీల బిల్డింగులు కనిపిస్తాయి. చాలావరకు 1930, 40ల్లో కట్టినవే. వీటిని ఆర్ట్ డెకో స్టైల్ అంటారు. 1937 నాటి సూనా మహల్ వీటిలో బాగా ఫేమస్. ఓవల్ మైదానం దగ్గరి పాత గోథిక్ కట్టడాలతో కలిపి 2018లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు సరే, లోపల జనం కాపురాలున్నారు. చిక్కంతా అక్కడే.

ఇవి రాతి కోటలు కావు, కాంక్రీటు ఇళ్లు. ఎదురుగా సముద్రం. ఉప్పు గాలి, వానల తేమ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వల్ని తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. పైన సిమెంటు పూసి రంగేస్తే పగులు కనబడదంతే, తుప్పు ఆగదు. మన విశాఖ బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లదీ ఇదే కథ. స్లాబు కింద చువ్వల వెంబడి సన్నటి పగుళ్లు, గోధుమ రంగు మరకలు కనిపిస్తే ముందు పిలవాల్సింది పెయింటర్‌ని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని.

మరి అసలు రిపేర్ ఏంటంటే.. ముందు స్లాబులకు, బీములకు కింద సపోర్టులు పెడతారు. వదులైన కాంక్రీటును గట్టి భాగం తగిలేదాకా చెక్కేస్తారు. చువ్వల తుప్పు గీకి, మరీ సన్నబడినచోట కొత్తవి జోడిస్తారు. తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపుతారు. బలహీనపడిన పిల్లర్ల చుట్టూ అదనంగా చువ్వలు కట్టి, కొత్త కాంక్రీటు పోస్తారు. దీన్నే జాకెటింగ్ అంటారు.

ఇక ముఖభాగం. కిటికీల పైన కనుబొమల్లా సాగే సజ్జలు, ఓడ డెక్కును గుర్తుచేసే రెయిలింగులే ఈ ఇళ్లకు అందం. చెక్కేముందే వాటి కొలతలు, అచ్చులు తీసుకుంటే మళ్లీ అలాగే పోయొచ్చు. తీసుకోకపోతే అంతే సంగతులు! పాత రంగుల్ని పొరలు పొరలుగా గీకి మొదటి రంగేదో కూడా తేలుస్తారు. బాల్కనీలు మూసేసిన అల్యూమినియం కిటికీలు, ఏసీ బాక్సుల్ని తీయించడమే నిజానికి పెద్ద పని. ఎందుకంటే ఒక్క ఇల్లు ఒప్పుకుంటే చాలదు, అందరూ ఒప్పుకోవాలి.

ముంబయిలో 30 ఏళ్లు దాటిన బిల్డింగులకు స్ట్రక్చరల్ ఆడిట్ తప్పనిసరి. కానీ ఖర్చెవరిది? 1947 నాటి అద్దె నియంత్రణ చట్టంతో దక్షిణ ముంబయిలో చాలా పాత ఇళ్ల అద్దెలు అక్కడే ఆగిపోయాయి. ఆ అద్దెతో రిపేర్ చేయించలేనంటాడు ఓనరు. ఇల్లు మాది కాదు కదా అంటారు అద్దెవాళ్లు.