చిన్న వ్యాపారాలు: వర్ధమాన దేశాల్లో పాత్ర, ఇబ్బందులు

వర్ధమాన దేశాల్లో సేద్యం వదిలినవాళ్లకు, అసలు సెంటు భూమి లేనివాళ్లకు దొరికే మొదటి ఆసరా చిన్న వ్యాపారం. కిరాణా కొట్టు, టిఫిన్ బండి, కుట్టు మిషన్, లేత్ షాపు, మరమగ్గం అన్నీ ఈ కోవలోవే. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం ప్రపంచంలోని వ్యాపార సంస్థల్లో దాదాపు 90 శాతం చిన్న, మధ్య తరహావే. ఉపాధిలో సగానికి పైగా వీటిలోనే ఉంది.

ఏది చిన్నది అన్నదానికి ఒక్కో దేశానిది ఒక్కో కొలత. భారతదేశంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ఆధారం. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్ర సామగ్రిపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, టర్నోవర్ 10 కోట్లు దాటనిది సూక్ష్మ సంస్థ. ఈ పరిమితులు చిన్న సంస్థకు 25 కోట్లు, 100 కోట్లు. మధ్య తరహాకు 125 కోట్లు, 500 కోట్లు. ఈ కొలతతో మిరపకాయ బజ్జీల బండినీ, కోట్ల టర్నోవర్ ఉన్న వర్క్‌షాపునూ ఒకే గాటన కట్టేస్తున్నాం. విధానాల్లో సగం తికమక ఇక్కడే మొదలవుతుంది.

2015–16 జాతీయ నమూనా సర్వే దేశంలో ఇలాంటి సంస్థలు సుమారు 6.34 కోట్లు ఉన్నాయనీ, వాటిలో 11.10 కోట్ల మంది పనిచేస్తున్నారనీ తేల్చింది. భాగిస్తే ఒక్కో సంస్థకు ఇద్దరు కూడా రారు. సంస్థ అన్న పేరు పెద్దదే గానీ, లోపల ఉన్నది చాలాచోట్ల మొగుడూ పెళ్లాలే.

అయినా వీటి బలం తక్కువేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే పద్ధతి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కంపెనీ నుంచి ఛాసిస్ వస్తుంది. చెక్కపని ఒకరిది, వెల్డింగ్ ఒకరిది, వైరింగ్ మరొకరిది, సీట్లు ఇంకొకరివి. రంగులు వేసి, వెనకాల అక్షరాలు రాసే పెయింటర్ వేరే. బండి ఒక్కటే, చేతులు మాత్రం డజను షాపులవి. ఇక్కడ పని నేర్చుకునే కుర్రాడికి సర్టిఫికెట్ అక్కర్లేదు. మేస్త్రీ పక్కన నాలుగేళ్లుంటే చాలు. పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయేవాళ్లకు ఇదే బడి.

ఇబ్బందుల్లో అందరూ ముందుగా చెప్పేది పెట్టుబడి. తోపుడు బండి మీద కూరలమ్మే మనిషి తెల్లవారుజామున వెయ్యి రూపాయలు రాసిచ్చి తొమ్మిది వందలు చేత పుచ్చుకుంటుంది, చీకటి పడేసరికి వెయ్యీ కట్టేస్తుంది. అంటే ఒక్క పూటకు పదకొండు శాతం వడ్డీ! అంత వడ్డీ కట్టి కూడా ఆ బండి మర్నాడు వీధిలోకి వస్తుందంటే, చిన్న పెట్టుబడి మీద వచ్చే రాబడి ఎంతో ఊహించుకోవచ్చు. శ్రీలంకలో డి మెల్, మెకెంజీ, వుడ్రఫ్ అనే ఆర్థికవేత్తలు చిన్న వ్యాపారులకు పది వేలు, ఇరవై వేల రూపాయల చొప్పున ఊరికే ఇచ్చి చూస్తే, ఆ పెట్టుబడి మీద నెలకు సుమారు ఐదు శాతం రాబడి వచ్చింది. కానీ ఆడవాళ్లు నడిపే వ్యాపారాల్లో సగటున లాభం పెరగలేదు. ఆ డబ్బు ఇంట్లో మగవాళ్ల వ్యాపారంలోకి మళ్లడం ఒక కారణమని తర్వాతి విశ్లేషణల్లో తేలింది.

బ్యాంకు తనఖా అడుగుతుంది, లెక్కల పుస్తకం అడుగుతుంది. వీధి వ్యాపారికి రెండూ ఉండవు. ఆ ఖాళీని పూడ్చడానికి 2000లో రుణ హామీ నిధి, 2015లో ముద్రా యోజన, 2020లో స్వనిధి వచ్చాయి. సూక్ష్మరుణ సంస్థలు అంతకుముందే దిగాయి. వాటి వసూళ్ల ఒత్తిడి శ్రుతి మించి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్లింది. ఇన్ని ఉన్నా, ఈ రంగానికి అందని రుణం 20 నుంచి 25 లక్షల కోట్ల రూపాయలుంటుందని 2019లో యు.కె. సిన్హా కమిటీ అంచనా వేసింది.

కాగితాల గొడవ ఇంకొకటి. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం 1980లలో లిమా శివార్లలో ఒక చిన్న బట్టలు కుట్టే షెడ్డును చట్టబద్ధంగా రిజిస్టర్ చేయించడానికి పూనుకుంది. 289 రోజులు పట్టింది. భారతదేశంలో ఇప్పుడు చిన్న సంస్థల ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో, పైసా ఖర్చు లేకుండా అవుతుంది. ఆ తర్వాత రావలసిన స్థానిక లైసెన్సులు, తనిఖీలు మాత్రం అంత తేలిక కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది ఎదుగుదల అంతంతమాత్రం కావడం. చాంగ్-టై షే, పీటర్ క్లెనో 2014లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలో నలభై ఏళ్లు నిలిచిన ఫ్యాక్టరీలో కొత్త ఫ్యాక్టరీలో కన్నా ఏడు రెట్లకు పైగా మంది పనిచేస్తారని తేలింది. భారతదేశంలో నిలిచిన ఫ్యాక్టరీ అదే కాలంలో దాదాపు రెండింతలే అవుతుంది. ఇందులో ప్రభుత్వం పాత్రా ఉంది. 1967లో కొన్ని వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే రిజర్వు చేశారు. ఆ జాబితా ఎనిమిది వందలు దాటింది. పెరిగితే ఆ రక్షణ పోతుంది కాబట్టి పెరగకపోవడమే లాభసాటి అయింది. జాబితాలో మిగిలిన చివరి వస్తువులను 2015లో తీసేశారు.

సిరిసిల్ల మరమగ్గాల కథ వేరు. నూలు యజమానిది, సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆసామివి, నేసేది కార్మికుడు, కూలి మీటరు లెక్కన. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చాక ఊరికి చేతినిండా పని దొరికింది. కానీ కొనేవాడు ఒక్కడే అయ్యాడు. 2024లో ఆ ఆర్డరు ఆగింది, పాత బిల్లులు నిలిచాయి, సాంచాల చప్పుడు తగ్గిపోయింది. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది గానీ, అదీ ప్రభుత్వానిదే.

నోట్ల రద్దు, జీఎస్టీ, కరోనా లాక్‌డౌన్ నాలుగేళ్ల లోపే వరసగా వచ్చి చేతిలో నగదు మీద బతికేవాళ్లను గట్టిగా దెబ్బతీశాయి. యూపీఐ వల్ల మాత్రం ఒక మేలు జరిగింది: టీకొట్టు అమ్మకాలకు మొదటిసారి లిఖితపూర్వక ఆధారం పుట్టింది.

సిరిసిల్లలో బయటపడిన బకాయిల జబ్బు దేశమంతటా ఉన్నదే. ప్రభుత్వాలు అప్పు గురించి మాట్లాడినంతగా బకాయిల గురించి మాట్లాడవు. సరుకు అందిన 45 రోజుల్లో డబ్బు కట్టాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ చెల్లించాలని 2006 చట్టమే చెప్పింది. ఫిర్యాదు వినడానికి రాష్ట్రాల్లో కౌన్సిళ్లున్నాయి. కానీ మళ్లీ ఆర్డరు కావలసిన కంపెనీ మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో మెలిక పెట్టారు: గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చు కింద చూపుకోవడానికి కొనుగోలుదారుకు వీల్లేదు. ఇది తయారీ, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకే వర్తిస్తుంది. వర్తకులు 2021 నుంచి ఉద్యమ్‌లో నమోదవుతున్నా, వాళ్లకు ఆ గుర్తింపు ప్రాధాన్య రంగ రుణాల వరకే. 45 రోజుల రక్షణ ఇంకా కిరాణా కొట్టు దాకా రాలేదు.