రహీం మాస్టారి శిష్యుడు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఆటల మీద ఏదైనా రాయమన్నప్పుడు నాకు జకార్తా గుర్తొచ్చింది. 1962 సెప్టెంబరు 4, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఎదురుగా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారన్న కోపంతో స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తోంది. ఆ హోరులోనే పి.కె. బెనర్జీ తొలి గోల్ కొట్టారు. రెండోది జర్నైల్ సింగ్‌ది. 2-1తో స్వర్ణం మనదైంది.

ప్రదీప్ కుమార్ బెనర్జీ 1936లో బెంగాల్‌లోని జల్పాయిగురిలో పుట్టారు. కుడి అంచు నుంచి దూసుకొచ్చి గోల్ కొట్టడం ఆయన ఆట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన కెప్టెన్ ఆయనే. ఫ్రాన్స్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో మన గోల్ ఆయనదే. మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం అదే ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. వీళ్లందరినీ నడిపించిన కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. జకార్తా విజయం తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కలకత్తాలో పేరున్న ఆటగాడంటే మోహన్ బగాన్‌కో ఈస్ట్ బెంగాల్‌కో ఆడటం రివాజు. పి.కె. మాత్రం ఈస్టర్న్ రైల్వేను అంటిపెట్టుకున్నారు. 1958లో ఆ జట్టు పెద్ద క్లబ్బులను దాటి లీగ్ గెలిచింది. ఆటగాడిగా ఆ రెండు క్లబ్బుల గడప తొక్కని మనిషి కోచ్‌గా రెండింటినీ ఏలారు. 1975 ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఆయన ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తు చేసింది. మరుసటి ఏడాదే ఆయన మోహన్ బగాన్ కోచ్. 1977లో ఆ జట్టు పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ను 2-2తో నిలువరించింది. మ్యాచ్‌కు ముందు కుర్రాళ్లను కూర్చోబెట్టి ఆయన చెప్పే మాటలకు కలకత్తా ‘వోకల్ టానిక్’ అని పేరు పెట్టింది. 2020 మార్చి 20న ఆయన కన్నుమూసే నాటికీ ఆ పేరు చెరగలేదు.

గోల్ కొట్టడం ఒక విద్య, కొట్టించడం మరో విద్య. రెండోది పంతులు పని. పి.కె. దాన్ని ఒక పంతులి దగ్గరే చూశారు. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. కాళ్లలో సత్తా ఉన్న పిల్లలు కరువయ్యారని నేననుకోను.

మన రోజుల్లో పరీక్షలు దగ్గరపడితే డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారికి వెళ్లిపోయేది. మనమూ అడ్డు చెప్పలేదు. స్వర్ణోత్సవాల పేరిట బడికి ఏమిద్దామని సంఘం ఆలోచిస్తోంది కదా. గోడ మీద పేర్ల ఫలకం ఎలాగూ పెట్టుకుంటాం. ఆ పీరియడును పిల్లలకు తిరిగి ఇప్పించగలమేమో కూడా ఆలోచిద్దాం.