ఇంటి వద్ద ప్రయోగాలతో ప్రాథమిక విజ్ఞాన బోధన

ఉపాధ్యాయుడు దూరం నుంచి ఫోను, టీవీ, రేడియోల ద్వారా సూచనలిస్తుంటే, ప్రాథమిక తరగతుల పిల్లలు ఇంట్లో దొరికే వస్తువులతో స్వయంగా ప్రయోగాలు చేస్తూ సైన్సు నేర్చుకునే పద్ధతి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాక దీని అవసరం పెరిగింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో 3వ తరగతి మొదలుకొని పాఠాలు ప్రసారమయ్యాయి. అయితే ప్రసారం ఒకవైపే సాగుతుంది. పిల్లల చేతికి పని చెప్పదు.

చవకైన వస్తువులతో ప్రయోగాలు చేయించడం మనకు కొత్త కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం దీనికి గట్టి పునాది వేసింది. బొమ్మలతో సైన్సు నేర్పే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి జ్యామితి ఆకారాలు చేయించారు.

ఇంట్లో చేయగల ఇలాంటి ప్రయోగాలకు వంటింటి పసుపు మంచి ఉదాహరణ. పసుపు నీటిలో ముంచి ఆరబెట్టిన కాగితంపై సబ్బు నీళ్లు పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. పెళ్లిళ్లలో పారాణి ఎర్రదనం కూడా పసుపులో సున్నం కలపడం వల్లే వస్తుంది. ప్రయోగానికి ముందే ఏం జరుగుతుందో పిల్లలచేత ఊహించి రాయించాలి. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే అది వట్టి వినోదమవుతుంది. ఒక్కో ఇంట్లో ఫలితం ఒక్కోలా వస్తే, ఎందుకో చర్చించడమే అసలు పాఠం.

నిప్పు, పొడి సున్నం, కరెంటు ప్లగ్గులతో పనిని పెద్దలు దగ్గర లేకుండా చేయించకూడదు.