వల గోడ కాదు

సిడ్నీలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని బాండై బీచికి తీసుకెళ్తే ముందు అడిగేది సొరచేపల గురించే. "భయం లేదు నాన్నా, వలలు వేశారు" అని పిల్లలు ధైర్యం చెబుతారు. భీమిలి వైపు నుంచో పూడిమడక వైపు నుంచో వచ్చిన, చేపల వేట తెలిసిన పెద్దాయనైతే అంతటితో ఊరుకోడు. ఎంత పొడుగు వల, ఎంత లోతున వేశారు అని ఆరా తీస్తాడు.

పొడవు 150 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. ఒడ్డుకు సుమారు అర కిలోమీటరు దూరంలో, పది పన్నెండు మీటర్ల లోతులో వేస్తారు. సొర దాని పైనుంచి పోవచ్చు, పక్కనుంచీ పోవచ్చు. బాండై ఇసుక ఒడ్డే కిలోమీటరు పొడుగు! పెద్దాయనకు నవ్వొస్తుంది. ఆయనకు తెలిసిన చేపల వలే ఇది. దారిన పోయే సొరల్ని కొన్నింటిని పట్టి, ఒడ్డు దగ్గర మకాం వేయకుండా చేయడమే దాని పని.

ఇక్కడి సర్కారు మొదట్లో సొరల కంటే ఎక్కువ భయపడింది బట్టల్లేని ఒళ్ళకి. 1830లలో వచ్చిన ఆంక్షల ప్రకారం పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా జనం కంటబడేలా స్నానం చేయకూడదు. సరదా తీరాలంటే తెల్లవారకముందో చీకటి పడ్డాకో దిగాలి. సరిగ్గా ఆ వేళల్లో దిగొద్దనే ఇప్పటి లైఫ్‌గార్డులు మొత్తుకుంటారు. చాలా సొరలు మేతకు తిరిగేది ఆ మసక వెలుతురులోనే.

1902లో విలియం గోచర్ అనే పత్రికా సంపాదకుడు తన పేపర్లో ముందే చాటి మరీ, మాన్లీ తీరంలో పట్టపగలు నీళ్ళలో దిగాడు. మరుసటి ఏడాదికి, మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పుకుంటే చాలని కౌన్సిల్ దిగొచ్చింది. జనం ఎగబడ్డారు, ఈత రానివాళ్ళతో సహా. వాళ్ళని బయటికి లాగడానికి లైఫ్‌సేవర్ల క్లబ్బులు పుట్టాయి.

1922 ఫిబ్రవరిలో కూజీ బీచి దగ్గర మిల్టన్ కోగ్లన్ అనే లైఫ్‌సేవర్ మీద సొర పడింది. జాక్ చామర్స్ నడుముకి తాడు కట్టుకుని రాళ్ళ మీదుగా పరుగెత్తాడు. జారి పడ్డాడు, తల తిరిగింది. తేరుకుని మళ్ళీ దూకి, ఈదుకుంటూ వెళ్ళి అతన్ని పట్టుకున్నాడు. పైనున్నవాళ్ళు తాడు లాగారు. కోగ్లన్ దక్కలేదు. చామర్స్‌కి ఆల్బర్ట్ మెడల్ ఇచ్చారు.

అలాంటి చావులు పెరిగాక ప్రభుత్వం కమిటీ వేసింది, 1937లో వలలు దించింది. మరుసటి ఏడాదే, 1938 ఫిబ్రవరి 6 ఆదివారం, బాండైలో వరసగా లేచిన అలలు రెండొందల మందికి పైగా జనాన్ని లోపలికి లాక్కెళ్ళాయి. అయిదుగురు పోయారు. అందులో సొర ఊసే లేదు. ఎరుపూ పసుపూ జెండాల మధ్యనే ఈదమనేది ఇందుకే: అక్కడ నీటి లాగుడు తక్కువ, చూసే కళ్ళు ఎక్కువ.

1963 తర్వాత సిడ్నీలో సొర కాటుకి మళ్ళీ ప్రాణం పోయింది 2022లో, లిటిల్ బే దగ్గర. అన్నేళ్ళ ఊరటకి వలలే కారణమా అన్నది ఇక్కడ తెగని వాదన. తాబేళ్ళూ డాల్ఫిన్లూ కూడా అందులో చిక్కి చస్తున్నాయి. తిమింగలాలు వలస పోయే చలికాలంలో వలలు తీసేస్తారు. ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తున్నారు. గాలానికి సొర తగలగానే ఫోనుకి కబురందే ఏర్పాటూ ఉంది, దానికి ట్యాగ్ వేసి దూరంగా వదిలేస్తారు.

సొర కనబడి సైరన్ మోగితే అందరూ బయటికొచ్చి, తువ్వాళ్ళు కప్పుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడతారు. కాసేపటికి మళ్ళీ దిగుతారు. వాన పడి నీళ్ళు బురదగా ఉన్నప్పుడు, చిన్న చేపల గుంపు మీద పక్షులు వాలుతున్నప్పుడు మాత్రం తెలిసినవాళ్ళు దిగరు. పెద్దాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, చేపల కోసం వాళ్ళ ఊళ్ళో పక్షుల్నే చూస్తారు.

సాయంత్రం ఫిష్ అండ్ చిప్స్ కొట్లో 'ఫ్లేక్' అంటే సొర మాంసమేనని తెలిశాక, ఆయన అడిగే ప్రశ్న వేరు. ఇంట్లో అల్లం వెల్లుల్లి ఉన్నాయా, సొర పిట్టు చేద్దాం.