హళ్లికి హళ్లి, సున్నకు సున్న

తెలుగులో సున్నలు రెండున్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన ౦. రెండోది ౸. దాని పేరు హళ్లి. కంప్యూటర్లలో ప్రపంచ లిపులకు చోటు కేటాయించే యూనికోడ్ పట్టికలో తెలుగు గడుల చివరిదాకా వెళితే, 2008లో చేరిన ఎనిమిది గుర్తులు వరసగా కనిపిస్తాయి. వాటిలో మొదటిది ఈ హళ్లి. చేతిలో ఏమీ మిగలనప్పుడు ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అంటాం కదా, ఆ రెండు సున్నలూ ఆ ఒక్క సామెతలో పక్కపక్కనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నా సంతోషం తగ్గలేదు. ఒక భాషకు రెండో సున్నతో పనేమిటి?

భిన్నాలు రాయడానికి. ఆ ఎనిమిదింటిలో ఆరు గుర్తులు ఒట్టి గీతలు. ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు ౹ ౺ ౻; ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు ౼ ౽ ౾. పూర్ణాంకం రాసి, దాని కుడిపక్క మొదటి స్థానంలో పావులు నిలువు గీతలతో వేస్తారు. రెండో స్థానంలో వీసాలు, అంటే పదహారో వంతులు, అడ్డగీతలతో. మూడో స్థానంలో అరవై నాలుగో వంతులు, మళ్లీ నిలువుగా. గీత నిలబడి ఉందా, పడుకుని ఉందా అన్నదాన్ని బట్టే అది ఏ స్థానమో తెలిసిపోతుంది. నిలువు గీతల చోటు ఖాళీ అయితే హళ్లి, అడ్డగీతల చోటు ఖాళీ అయితే మామూలు సున్న. రెండు సున్నలు అందుకే.

ఇక కూడిక చూడండి. రెండుముప్పావు మూడు వీసాలకు ఒకటిన్నర రెండు వీసాలు కలపాలి. రాతలో ౨౻౾, ౧౺౽. మూడు వీసాలూ రెండు వీసాలూ ఐదు. నాలుగైతే ఒక పావు, కాబట్టి ఒకటి వేసి ఒకటి పైకి. మూడు పావులూ రెండు పావులూ పైకొచ్చిన ఒకటీ ఆరు. రెండు వేసి ఒకటి పైకి. రెండూ ఒకటీ ఒకటీ నాలుగు. జవాబు ౪౺౼, నాలుగున్నర వీసం. హారం ఎక్కడా రాయలేదు. క.సా.గు. కట్టలేదు. తీసివేత కూడా ఇంతే. మూడులోంచి వీసం తియ్యాలంటే ఒకటి అప్పు తెచ్చి నాలుగు పావులు చెయ్యి, అందులో ఒక పావును నాలుగు వీసాలు చెయ్యి, ఒకటి తీసెయ్యి. మిగిలేది ౨౻౾. మన పిల్లలు ఆరో తరగతిలో భిన్నాల దగ్గర పడే అవస్థంతా ఇక్కడ ఒకటో రెండో తరగతి కూడిక అయిపోయింది.

ఇంత సులువు ఎలా కుదిరిందంటే, కొలతలే నాలుగేసిగా ఉండేవి. నాలుగు గిద్దెలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. కుంచం పరిమాణం ఊరికో తీరుగా ఉన్నా ఈ నాలుగులు చాలాచోట్ల ఇవే. కళ్లంలో ధాన్యం మూడు తూముల రెండు కుంచాల మూడు మానికలు వచ్చిందంటే ౩౺౾ అని వేస్తే సరి. యూనికోడ్‌లో చేరిన ఆ ఎనిమిదో గుర్తు తూముదే.

డబ్బూ అదే దారి. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు, అణాకు నాలుగు కానులు. నిజాం సిక్కాలోనూ రూపాయికి పదహారణాలే. వడ్లు కొలిచిన గీతలే డబ్బునూ లెక్కగట్టాయి. కాని అంటే నాణెం పేరనే గుర్తుంది గానీ, అది అరవై నాలుగో వంతు పేరు. రూపాయిలో అరవై నాలుగో వంతు అయినందుకే నాణేనికి ఆ పేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాగి కరువై 1943లో నడిమధ్య చిల్లు పెట్టి ఆ నాణేన్ని అచ్చువేశారు. అదే చిల్లికాని. మొలతాడుకు కట్టుకున్నవాళ్లున్నారు, ఆటల్లో పందెం కాసినవాళ్లున్నారు. ఎవరినైనా చిల్లికానికి కొరగాడని తిట్టినప్పుడు మన నోట పలికేది ఒక భిన్నమే.

ఆ కాలం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కోస్తా గ్రామాల్లో వీసబడి అని ఉండేది: ఊరి భూమినీ శిస్తునూ వీసాల వాటాలుగా కాపులు పంచుకోవడం. ఎవరికి మూడు వీసాలు, ఎవరికి అరవీసం అన్నది కరణం కవిలెలో ఉండేది. వీధిబడిలో మామూలు ఎక్కాలతో ఆగనిచ్చేవారు కాదు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, వీసం ఎక్కం, అన్నీ నోటికి రావలసిందే. ఏడు వీసాలు ఎంతరా అంటే, పావూ మూడు వీసాలు అని కుర్రవాడు తడుముకోకుండా చెప్పాలి. ఇసుకలో వేలితో రాసి దిద్దిన ఆ గీతలే తర్వాత కోమటి చిట్టాలోకీ కరణం కవిలెలోకీ నడిచాయి.

ఈ నాలుగేసి లెక్కకు లొంగనివి మూడో వంతు, ఐదో వంతు లాంటివి. ముగ్గురు అన్నదమ్ములు రూపాయి పంచుకుంటే తలా ఐదణాలు పోను ఒక అణా మిగులుతుంది. దాన్ని కానులు చేసి తలా ఒకటి ఇచ్చినా ఒక కాని మిగులుతుంది. నాలుగేసి చొప్పున ఎంత కిందికి దిగినా చివర ఒకటి మిగిలే తీరుతుంది. అక్కడ ఆదుకున్నది పై. కానికి మూడు పైలు. తలా ఐదణాల నాలుగు పైలు, తగాదా లేదు.

ఏ హారానికైనా పనికొచ్చే మార్గం శాస్త్రగ్రంథాల్లో ఉంది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దిలో, జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. అందులో భిన్నాల అధ్యాయం పేరు కళాసవర్ణం. ఆరో వంతునూ ఎనిమిదో వంతునూ కలపడానికి 48 దాకా పోనక్కర్లేదు, 24 చాలు అన్న ఉపాయాన్ని ఆయన సూత్రంగా చెప్పి, ఆ సంఖ్యకు నిరుద్ధం అని పేరు పెట్టాడు. మన క.సా.గు. అదే. ఒకటిని లవం ఒకటిగా ఉన్న భిన్నాలుగా విడగొట్టే సూత్రం కూడా ఇచ్చాడు. సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితే ఒకటి. నాలుగు ముక్కలు కావాలా? సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు, పద్దెనిమిదో వంతు. ఐదు కావాలా? 2, 3, 9, 27, 54. మధ్యలోవి మూడేసి రెట్లు పెరుగుతాయి, చివరిది దాని ముందుదానికి రెట్టింపు. కూడి చూసుకుంటే ఎంత ముచ్చటగా సరిపోతుందో!

ఈ గ్రంథాన్నే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన సందర్భాలు తీసి శైవ సందర్భాలు పెట్టాడు. కావ్యాలు రాయడం అప్పుడప్పుడే మొదలుపెడుతున్న భాషలో లెక్కల పుస్తకం పుట్టింది! నన్నయను తలచుకున్నన్ని సార్లు మల్లననూ తలచుకోకపోవడం మనకు న్యాయం కాదు. సంస్కృత మూలాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాక మహావీరాచార్యుడు బయటి ప్రపంచానికి బాగా తెలిశాడు.

ఆ గ్రంథాల్లో మిశ్రమ భిన్నాలకు రెండు తరగతులున్నాయి. పూర్ణానికి భాగం కలిస్తే భాగానుబంధం, పూర్ణంలోంచి భాగం తీస్తే భాగాపవాహం. భాస్కరుడి ‘లీలావతి’లోనూ (1150) ఇవే. రెండోది బడిపుస్తకాల్లోంచి పోయింది. కానీ గడియారం చూసి ‘పావు తక్కువ పది’ అన్నవాళ్లంతా వాడుతున్నది భాగాపవాహమే. హైదరాబాదు ఉర్దూలో ‘పౌనే దస్’ కూడా అదే.

మన గీతలకు దాయాదులూ ఉన్నారు. ఉత్తరాదిలో పావులకు నిలువు గీతలు, పదహారో వంతులకు ఏటవాలు గీతలు. 2009లో యూనికోడ్‌లో చేరాయి. తమిళుల దారి వేరు. వాళ్ల కాణి ఎనభయ్యో వంతు, ముందిరి మూడు వందల ఇరవయ్యో వంతు. భిన్నాలూ కొలతలూ పాత లెక్కల గుర్తులూ కలిపి 51 తమిళ గుర్తులు 2019లో చేరాయి.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. దశాంశం రావలసిందే, దాని మేలు కాదనను. అయితే ఆ మార్పు లెక్క చూడండి: అణా అంటే ఆరుంపావు పైసలు, పావు పైసా లేదు కనుక 6. రెండణాలకు 12. మూడణాలకు మాత్రం 19. ఒక్కో అణా మార్చుకుంటే మూడింటికి 18, మూడూ కలిపి మార్చుకుంటే 19. పొరపాటు లేకుండా మారినవాటిలో మొదటిది పావలా, సరిగ్గా 25. ఆ నాణెం 2011 జూన్ 30న చెల్లకుండా పోయింది. కొత్త నాణెం కోసం పాత గీతలను బడిలోంచి కూడా తీసెయ్యక్కర్లేదు. ఆ పని ఎవరూ అడగకుండానే జరిగిపోయింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేనాటికే ఆ రాత చదవగలిగినవాళ్లు అరుదు.

లెక్క మాత్రం నోటి మీద మిగిలింది. నూటికి నెలకు ఎంత అన్నదే ఇప్పటికీ మన వడ్డీ భాష. మహిళా సంఘాలకు ప్రభుత్వ రాయితీతో అందిన రుణాలను అందరూ పావలా వడ్డీ అనే పిలిచారు. ఏడాదికి నూటికి మూడు రూపాయలు. రూపాయిన్నర వడ్డీకి బయట తెచ్చుకున్నవాళ్లు ఆ రుణానికి మారితే ఎంత కలిసొచ్చిందో కాగితం, కలం లేకుండానే చెప్పేస్తారు: నూటికి నెలకు రూపాయింపావలా.