బార్సిలోనా మెట్లమీది పెంకుల మృగము

స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున, గుయెల్ ఉద్యానపు మెట్లమీద నొక వింతమృగము ప్రాకుచున్నట్లుండును. కొందరు దానిని డ్రాగనందురు. మఱికొందరు నీటిబల్లి యందురు. పొడవు సుమారెనిమిదడుగులు. ఒడలంతయు నీలము, పసుపు, ఆకుపచ్చ, నారింజ వన్నెల పింగాణి పెంకులు. చూడవచ్చినవారు దీనిని వట్టి యలంకారమనుకొందురు. కాని దానికొక పని యున్నది.

ఆ కొండకు పూర్వము ‘బోడికొండ’ యని పేరు. అచ్చట నీటికి కఱవు. 1900లో పని కారంభించిన శిల్పి ఆంటోనీ గౌడి వాననీటిని వృథా పోనీయదలపలేదు. మీది విశాలమైన మైదానమునకు గచ్చు వేయింపక విడిచెను. అందుపడిన వాన నేలలో వడగట్టుకొని, క్రింది మండపపు 86 స్తంభములలోని గొట్టములవెంట దిగి, భూగర్భమందలి తొట్టిని చేరునట్లు అమర్చెను. ఆ తొట్టి పండ్రెండు లక్షల లీటర్లు పట్టును. అది నిండినపుడు మిగులునీటికి వెలిదారి ఈ మృగము నోరే. మన దేవాలయములలో అభిషేకజలమును వెలికి దెచ్చు మకరముఖపు తూములనెఱిగిన వారికీ యుపాయము పరాయిదిగా తోపదు.

ఇక పెంకులు. ఈ పనితనమును ‘ట్రెంకాడీస్’ అందురు. కాటలాను భాషలో పగులగొట్టినదని యర్థము. కార్ఖానాలు పారవైచిన పలకలు, పగిలిన పళ్లెములు దీనికి ముడిసరకు. వంపుదిరిగిన మేనికి చదునైన పలక అతుకదు, ముక్కయైననే అతుకును. కావున దీనిని పొదుపు మాత్రమే యనరాదు. ఇదే తోటలో అలవలె మెలితిరిగిన పొడవాటి అరుగుపై పెంకులు కూర్చుటలో జుజోల్ అను శిల్పి ప్రతిభ గొప్పది. గౌడి కీర్తినీడలో ఆతని పేరు మాసిపోవుట మాకన్యాయముగ తోచుచున్నది.

తోటను వేయించిన యుసేబి గుయెల్ వస్త్రపరిశ్రమలో ధనవంతుడైనవాడు. ప్రాకారములోపల 60 స్థలములు విభజించి, సంపన్నులకొక ప్రత్యేకపువాడ కట్టదలచెను. నగరమునకు దూరము, బండ్ల సదుపాయము లేదు, అమ్మకపు నిబంధనలు కఠినము. కొనువారు రాలేదు. క్రొత్తగా వెలసినవి రెండే యిండ్లు. అందొకదానిలో గౌడియే కాపురముండెను. 1914లో పని నిలిచెను. 1918లో గుయెల్ మరణించెను. 1922లో నగరపాలకులు తోటను కొని, 1926లో ప్రజలకు తెఱచిరి. ధనికుల వాకిట నిలిపిన మృగమునొద్దకు పేదబిడ్డలకును దారి దొరకెను. ఒకని వ్యాపారము చెడుట నగరమునకింత మేలుచేసిన తావులు మాకు పెక్కు తెలియవు.

2007 ఫిబ్రవరిలో దుండగులు దాని మూతిని పగులగొట్టిరి. తరువాత మరమ్మతు చేసిరి. 2013 అక్టోబరు నుండి ఈ భాగమును చూచుటకు రుసుము విధించిరి. చుట్టుపట్ల పేటలవారికి మినహాయింపునిచ్చిరి. లెక్కకు మించిన యాత్రికుల తాకిడికి కట్టడము తాళదని పాలకులు చెప్పిన మాటలో అసత్యము లేదు. అయినను అందరిదైన తోటకు మరల కావలివాడు వచ్చుట మాకు కష్టముగనే యున్నది. రుసుమీయలేని పరదేశియు నిశ్చింతగ వచ్చి చూచిపోవుటకు దినమున నొక గంటయైన నుండవలెనని మా యభిప్రాయము.