ఆప్రీకి పేరు వచ్చిన రాత్రి వాయించింది ఎవరు? డిఫోర్డ్ బెయిలీ కథ

2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్ వచ్చినప్పుడు జరిగిన గొడవ గుర్తుందా? నల్లజాతి సింగర్‌కి కంట్రీ మ్యూజిక్‌తో ఏం పని అని చాలామంది మొహం చిట్లించారు. మరుసటి ఏడాది అదే ఆల్బమ్ గ్రామీ కొట్టింది, అది వేరే విషయం. కంట్రీ అనగానే మనకీ కళ్ల ముందు కనిపించేది టోపీ, గిటార్, ఒక తెల్లాయన. ఆ సంగీతానికి గుడి లాంటి రేడియో షో ఒకటుంది, నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ. దానికి ఆ పేరు పుట్టిన రాత్రి మైక్ ముందున్న మనిషి మాత్రం నల్లవాడు. పేరు డిఫోర్డ్ బెయిలీ.

1899లో టెన్నెసీ పల్లెలో పుట్టాడు. మూడేళ్లకే పోలియో. నెలల తరబడి మంచం మీదే. చేతికి ఇచ్చిన బొమ్మ లాంటి వస్తువు మౌత్ ఆర్గాన్. పడుకునే బయట వినిపించే ప్రతి శబ్దాన్నీ అందులో పట్టడం మొదలుపెట్టాడు: కోళ్లు, వేటకుక్కలు, దూరంగా పోయే రైలు. బతికాడు గానీ ఎత్తు ఐదడుగులు కూడా దాటలేదు, వెన్ను కాస్త వంగింది. స్కూల్‌కి వెళ్లే దారిలో రైలు వంతెన కింద ఆగి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవాడట. మనం పాటని లూప్‌లో పెట్టి వింటాం చూడండి, అలా అన్నమాట.

తర్వాత నాష్‌విల్ చేరాడు. అక్కడ ఇళ్లలో పని, లిఫ్ట్ ఆపరేటర్ పని. 1926లో డబ్ల్యూఎస్ఎం రేడియో శనివారం షోలోకి వచ్చాడు.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. 1927 డిసెంబర్. ముందు ప్రోగ్రామ్ శాస్త్రీయ సంగీతం, గ్రాండ్ ఆపెరా. అది అవ్వగానే అనౌన్సర్ జార్జ్ హే డిఫోర్డ్‌ని పిలిచాడు. ఆయన ‘పాన్ అమెరికన్ బ్లూస్’ అందుకున్నాడు. పాన్ అమెరికన్ అంటే నాష్‌విల్ మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ రైలు. అరచేతిలో పట్టే వాయిద్యంలో రైలు బయలుదేరుతుంది, వేగం అందుకుంటుంది, కూత వేస్తుంది. అయిపోయాక హే సరదాగా, ఇందాక విన్నది గ్రాండ్ ఆపెరా, ఇకపై మాది గ్రాండ్ ‘ఓల్ ఆప్రీ’ అని పల్లె యాసలో అనేశాడు. పేరు అలా అతుక్కుపోయింది. ఆ మరుసటి ఏడాది 52 వారాల్లో 49 వారాలు డిఫోర్డ్ ఆ షోలో ఉన్నాడు.

రేడియోలో రంగు కనిపించదు కదా. టూర్‌కి వెళ్తే కనిపిస్తుంది. టికెట్ కొన్న జనం చప్పట్లు కొట్టేవాళ్లు, అదే ఊళ్లో హోటల్ గది ఇచ్చేవాళ్లు కాదు. సీనియర్ కళాకారుడు అంకుల్ డేవ్ మేకన్ ఒక్కోసారి ‘ఇతను నా పనివాడు’ అని చెప్పి లోపలికి తీసుకెళ్లేవాడు. గది దొరికేది, గౌరవం కాదు. తర్వాత పెద్ద స్టార్ అయిన రాయ్ అకఫ్ కూడా కొత్తలో జనాన్ని రప్పించడానికి డిఫోర్డ్‌నే వెంట తీసుకెళ్లాడు.

1941లో ఉద్యోగం పోయింది. ఎందుకంటే... మన రీల్‌కి కాపీరైట్ క్లెయిమ్ పడితే ఆడియో మ్యూట్ అవుతుంది కదా, దేశం మొత్తానికి అలాంటిది జరిగిందనుకోండి. పాటల రాయల్టీ వసూలు చేసే ఆస్కాప్ రేట్లు పెంచింది. రేడియో కంపెనీలు అప్పటికే బీఎంఐ అనే సొంత సంస్థ పెట్టుకుని, ఆ ఏడాది మొదటి నుంచి ఆస్కాప్ పాటలు ఆపేశాయి. డిఫోర్డ్‌కి పేరు తెచ్చిన ట్యూన్లు అందులో ఇరుక్కున్నాయి. కొత్తవి వాయించమన్నారు, చివరికి పంపించేశారు. అదే ఏడాది చివర్లో గొడవ తీరిపోయింది. ఆయన్ని మాత్రం వెనక్కి పిలవలేదు.

నాకు మండేది ఇక్కడే. 1945లో హే షో చరిత్ర మీద పుస్తకం రాస్తూ, డిఫోర్డ్ బద్ధకస్తుడు, కొత్త పాటలు నేర్చుకోలేదు అన్నాడు. జాతి ప్రస్తావన కూడా తెచ్చాడు. నేను ఐటీలో ఉన్నప్పుడు చూశాను, మనిషిని తీసేశాక ‘లో పెర్ఫార్మర్’ అని ఫైల్‌లో రాస్తారు, ఆ తర్వాత అదే నిజమైపోతుంది. ఇక్కడ ఆ ఫైల్ దశాబ్దాల పాటు చరిత్రగా చలామణీ అయింది.

డిఫోర్డ్ అప్పుడేం చేస్తున్నాడు? నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే షాపు నడుపుతున్నాడు. సుమారు 30 ఏళ్లు. ఊరు బాగుచేస్తామంటూ చేసిన కూల్చివేతల్లో అదీ పోయింది.

1970ల్లో డేవిడ్ మోర్టన్ అనే యువకుడు నగర హౌసింగ్ శాఖలో పనిచేస్తూ, ప్రభుత్వ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఈ పెద్దాయన్ని కలిశాడు. స్నేహం కుదిరింది. ఏళ్ల తరబడి కూర్చుని విన్నాడు. అప్పుడు డిఫోర్డ్ వైపు కథ బయటికొచ్చింది: సరైన జీతం ఇవ్వాల్సిన రోజు వస్తోందని వాళ్లకి తెలుసు, పాత పాటలన్నది ఒక సాకు. నాకైతే ఈ మాటే నమ్మబుద్ధేస్తోంది. బద్ధకస్తుడైతే ఏడాదికి 49 వారాలు ఎందుకు పిలుస్తారు?

1974లో ఆప్రీ ఆయన్ని మళ్లీ స్టేజ్ ఎక్కించింది. 75వ పుట్టినరోజు నాడు కూడా అక్కడే వాయించాడు. 1982లో చనిపోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది 2005లో, అంటే పోయిన 23 ఏళ్లకి.

‘పాన్ అమెరికన్ బ్లూస్’ రికార్డింగ్ యూట్యూబ్‌లో ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఎక్కడా ఇంకో వాయిద్యం లేదు.